పాతకాలపు వింటి బలం తెలిసేదెలా?

ఆళ్ళగడ్డ దాటి అహోబిలం వెళ్తే నల్లమల మొదలవుతుంది. అది చెంచుల అడవి. చెంచులక్ష్మి కథ వినని వాళ్ళు మన నంద్యాల వైపు ఉండరు. కథలోనే కాదు, బతుకులోనూ చెంచులకు తోడు విల్లే. మరి పూర్వపు వింటి బలం ఎంత?

చిక్కేమిటంటే కర్ర, నార మట్టిలో కుళ్ళిపోతాయి, రాయి మిగులుతుంది. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో సుమారు 35,000 ఏళ్ళ కిందటి నుంచి వాడిన చిన్న చిన్న రాతి పనిముట్లు తవ్వకాల్లో దొరికాయి. అలాంటివి బాణం మొనలా, ఈటె మొనలా, కత్తి పళ్ళా? చూడగానే చెప్పలేం. అలాంటి రాతినే చెక్కి, పుల్లకు బిగించి, వింటితో కొట్టి, అది విరిగిన తీరును పాత రాళ్ళతో పోల్చాలి. ఇదే ప్రయోగాత్మక పురావస్తుశాస్త్రం.

వింటి బలాన్నీ కొలవవచ్చు. పాత విల్లును లాగితే విరగవచ్చు కనుక అలాంటిదే కొత్తది చేయాలి. నారికి స్ప్రింగ్ త్రాసు తగిలించి, 5 సెంటీమీటర్లు లాగినప్పుడల్లా బరువు రాసుకుని గ్రాఫు గీయాలి. గీత కింది వైశాల్యమే వింటిలో నిలిచిన శక్తి. ఉదాహరణకు 50 సెంటీమీటర్లు లాగేసరికి బరువు సున్నా నుంచి 20 కిలోలకు సమంగా పెరిగితే, ఆ శక్తి సుమారు 50 జౌళ్ళు. 30 గ్రాముల బాణం సెకనుకు 45 మీటర్ల వేగంతో పోతే దానికి అందింది సుమారు 30 జౌళ్ళే. మిగిలిందాంట్లో ఎక్కువ భాగం వింటి కొమ్మలు, నారి కదలడానికే ఖర్చవుతుంది. కర్ర, నారి మార్చి చూస్తే ఏది మేలో తేలుతుంది. అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. గురి గడ్డిమోపు మీదే ఉండాలి.

అమెరికాలో శాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు మ్యూజియం విండ్లను పరీక్షించి 1923లో ఫలితాలు ప్రచురించాడు. ఆయనకు విల్లు పట్టడం నేర్పింది ఇషి అనే ఆదివాసి. యాహి తెగలో చివరివాడైన ఇషి 1916లో చనిపోయాడు. కొలత డాక్టరుది, విద్య ఇషిది. ఆ విద్య అందకపోతే కొలతకు అర్థం ఉండేదా?

మాలో చాలామందిమి మా ఇళ్ళలో మొదటి డిగ్రీవాళ్ళం. పుస్తకంలో ఉన్నదే చదువు అనుకుంటే మన పెద్దల చేతిలోని విద్య లెక్కలోకి రాదు. ఏ కర్ర ఏ కాలంలో కొట్టాలో, ఎంత వంచాలో గూడెంలోని తాతలకు తెలుసు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సెలవుల్లో వాళ్ళను అడిగి రాసుకోండి. వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేరుతోనే రాయండి. త్రాసు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, ఆ తాతలు మళ్ళీ దొరకరు.