తొట్టె పెద్దదైతే చాలదు... నీరూ కుదరాలి!

మర్రిగూడ: చిన్న గాజుతొట్టెలో నాలుగు రంగుల చేపలు పెంచినవారికి కొన్నాళ్లకు పెద్ద అక్వేరియం కొనాలన్న ఆశ కలగడం సహజం. తొట్టె పొడవెంత, ధరెంత, ఏ చేపలు ముచ్చటగా ఉంటాయన్నదే చాలామంది చూస్తారు. మర్రిగూడ మండలంలో మాత్రం వాటన్నిటికన్నా ముందు తేల్చుకోవలసినది నీటి సంగతి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించిన ఫ్లోరైడ్ నీరు తాగి ఎందరో ఎముకల వ్యాధి పాలైన నేల ఇది. మనిషికే పరీక్షగా నిలిచిన నీటిని చేపకు పోసేముందు ఆలోచించాలి.

మూడు రకాల నీరు

ఇక్కడి ఇళ్లలో బోరునీరు, నల్లానీరు, క్యాన్‌ నీరు దొరుకుతాయి. గ్రానైట్‌ శిలల పొరల నుంచి వచ్చే బోరునీటిలో సాధారణంగా క్షారగుణం ఎక్కువ. లవణాల మోతాదు బోరుబోరుకూ మారుతుంది. పరీక్షించకుండా దానితో తొట్టె నింపరాదు. అక్వేరియం దుకాణాల్లో దొరికే కిట్‌తో పీహెచ్‌, కాఠిన్యం ఇంట్లోనే చూసుకోవచ్చు.

2016లో ప్రారంభమైన మిషన్‌ భగీరథ పథకం ద్వారా వచ్చే కృష్ణా నీరు తొట్టెకు మేలైనది. అయితే శుద్ధి కోసం కలిపే క్లోరిన్‌ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. నీటిని వెడల్పాటి పాత్రలో ఒకరోజు మూత లేకుండా నిల్వ ఉంచాలి. లేదా ‘యాంటీ క్లోరిన్‌’ పేరిట అమ్మే సోడియం థయోసల్ఫేట్‌ చుక్కలు తగు మోతాదులో వేయాలి.

ఖర్చుపెట్టి క్యాన్‌ నీరు పోస్తే మరీ మంచిదనుకోవడం పొరపాటు. ఆర్వో యంత్రంలో వడగట్టిన నీటిలో లవణాలు దాదాపు ఉండవు. అందువల్ల పీహెచ్‌ నిలకడగా ఉండదు. గాఢమైన బోరునీటిని పలుచన చేసుకోవడానికే దానిని వాడుకోవాలి.

బరువు చూసుకోవాలి

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టెలో సుమారు 56 లీటర్లు పడతాయి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్నదానిలో సుమారు 255 లీటర్లు పడతాయి. గాజు, ఇసుక, రాళ్లతో కలిపితే బరువు 300 కిలోలు దాటుతుంది. చెక్క బల్లలపై, మేకులు కొట్టిన అరలపై దీనిని నిలపడం ప్రమాదం. నేల సమతలంగా ఉండాలి. స్టాండుకూ గాజుకూ నడుమ థర్మాకోల్‌ పలక వేయాలి.

తొందర పనికిరాదు

చేపల వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. ఫిల్టరులో పెరిగే మేలుచేసే బ్యాక్టీరియా దానిని ముందు నైట్రైటుగా, తర్వాత అంతగా హాని లేని నైట్రేటుగా మారుస్తుంది. కొత్త తొట్టెలో ఈ బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత తొట్టెలోని స్పాంజిని కొత్త ఫిల్టరులో అమరిస్తే ఆ గడువు తగ్గుతుంది. ఆ స్పాంజిని నల్లా కింద కడగరాదు. క్లోరిన్‌కు బ్యాక్టీరియా నశిస్తుంది. తొట్టెలోంచి తీసిన నీటిలోనే పిండాలి. చేపలను ఒకేసారి గాక కొద్దికొద్దిగా వదలాలి. వారానికి పావు వంతు నీరు మార్చాలి.

ఎవరితో ఎవరు?

కొంత క్షారగుణం, కాఠిన్యం ఉన్న నీటిలో గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్‌ హాయిగా బతుకుతాయి. ఇవి పిల్లలను కనే జాతులు. ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపలుంటే పోట్లాట తగ్గుతుంది. జీబ్రా డానియోలు గుంపుగా తిరిగేవి గనుక కనీసం ఆరింటిని పెంచాలి. నియాన్‌ టెట్రా, డిస్కస్‌ మెత్తని, ఆమ్లగుణం గల నీటిని కోరతాయి. క్షారగుణం ఎక్కువైన బోరునీటిలో వాటిని పెంచబూనడం డబ్బు దండగ.

ఇక కొన్నింటిని కలపనే కూడదు. పెద్దదైన ఏంజెల్‌ చేప చిన్న టెట్రాలను మింగేస్తుంది. టైగర్‌ బార్బ్‌ పొడవు రెక్కల చేపలను కొరుకుతుంది. రెండు మగ ఫైటర్లు ఒకచోట ఉంటే కొట్టుకు చస్తాయి. బంగారు చేపకు చల్లని నీరు కావాలి, వ్యర్థాలూ ఎక్కువే. దానికి వేరే తొట్టె ఉండాలి. ఆస్కార్‌ నోట పట్టే ప్రతి చేపా దానికి ఆహారమే.

ఎండాకాలం జాగ్రత్త

నీరు వేడెక్కితే అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. పెద్ద తొట్టె నెమ్మదిగా వేడెక్కడం ఒక సౌలభ్యం. అయినా కిటికీ ఎండ తగలకుండా చూడాలి. కరెంటు పోతే పంపు ఆగి, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి.

చెరువులో వదలొద్దు

పెద్ద తొట్టెలో ఇమడని చేపలను చెరువులో వదలడం పుణ్యమని కొందరి భావన. అది మత్స్యకారుల నోటికాడి కూడు లాగడమే. పాచి తింటుందని కొనే సక్కర్‌ చేప చేతి వేలంత ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. తర్వాత అడుగు దాకా పెరుగుతుంది. తెలుగు రాష్ట్రాల చెరువుల్లోకి, నదుల్లోకి చేరి ‘దెయ్యపు చేప’గా పేరుబడింది ఇదే. ఒళ్లంతా గట్టి పొలుసులు, ముళ్లు ఉండటంతో వలలు చినుగుతాయి. గట్లకు బొరియలు చేస్తుంది, సంతలో కొనేవారుండరు. ఒకసారి చెరువులో పెరిగితే తొలగించడం దాదాపు అసాధ్యం. వద్దనుకున్న చేపలను కొన్న దుకాణానికో, తొట్టె ఉన్న మరొకరికో ఇచ్చివేయాలి. కొనేముందే అది ఎంత పెరుగుతుందో దుకాణదారును అడిగి తెలుసుకుంటే ఆ ఇబ్బందే రాదు.