నేల కింది గొట్టానికి కాపలా

పిల్లలూ! మనం ఉంటున్నది ఉక్కు నగరం. 1912 నుంచి ఇక్కడ ఉక్కు తయారవుతోంది. అయితే ఎంత గట్టి ఉక్కుకైనా ఒక శత్రువు ఉంది. అదే తుప్పు. వానకు తడిసిన గేటుకు తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది. మరి నేల కింద పాతిన గొట్టానికి, అదీ లోపలివైపు, తుప్పు పడితే ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్న మనకు సంబంధించిందే. తూర్పు రాష్ట్రాలకు సహజవాయువు తెచ్చే ‘ఊర్జా గంగ’ పథకంలో పట్నా, రాంచీలతో పాటు జంషెడ్‌పూర్ కూడా ఉంది. ఇక్కడ కొన్ని ఇళ్ళకు సిలిండరు బదులు గొట్టం ద్వారానే గ్యాస్ వస్తోంది.

ఆంధ్రప్రదేశ్‌లోని కోనసీమలో నగరం అనే ఊరుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ గెయిల్ సంస్థ వారి 18 అంగుళాల గొట్టం పగిలింది. గ్యాస్ ఊరంతా పరుచుకుని ఒక్కసారిగా అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్ళూ, కొబ్బరిచెట్లూ మాడిపోయాయి. పొడి గ్యాస్ వెళ్ళాల్సిన గొట్టంలో తడి గ్యాస్ పంపారని, అందువల్ల గొట్టం తుప్పుపట్టిందని విచారణలో తేలింది.

తడి ఉంటే ఏమవుతుంది? భూమిలోంచి వచ్చే గ్యాస్‌లో కొంత కార్బన్ డయాక్సైడు కూడా ఉంటుంది. అది నీటిలో కలిస్తే, సోడాలో ఉన్నట్టే, కార్బోనిక్ ఆమ్లం తయారవుతుంది. గొట్టం అడుగున నిలిచిన ఆ నీరు ఉక్కును కొద్దికొద్దిగా తినేస్తుంది. అందుకే గ్యాస్‌లోని నీటిని ముందే తీసేయాలి.

ఆ తర్వాత కాపలా మొదలవుతుంది. గొట్టం దారి వెంట నడిచి చూసే మనుషులు ఉంటారు. ఎవరైనా తవ్వుతున్నారా, ఎక్కడైనా గడ్డి ఎండిపోయిందా, వాసన వస్తోందా అని చూస్తారు. బయటివైపు తుప్పు పట్టకుండా గొట్టానికి పూత వేసి, కొద్దిపాటి విద్యుత్తు ఇస్తారు. లోపలి తనిఖీకి ‘పిగ్’ అనే యంత్రాన్ని పంపుతారు. గ్యాస్ ఒత్తిడే దాన్ని ముందుకు తోస్తుంది. దానికి అమర్చిన అయస్కాంతాల సాయంతో గోడ ఎక్కడ పలచబడిందో నమోదు చేస్తుంది. పగలకముందే ఆ ముక్కను మార్చేయవచ్చు.

సముద్రంలో ఈ పని మరీ కష్టం. కోనసీమ తీరానికి ఎదురుగా రవ్వ క్షేత్రంలో ఉన్నటువంటి వేదికల కాళ్ళు ఎప్పుడూ ఉప్పునీటిలోనే ఉంటాయి. వాటికి జింకు లేదా అల్యూమినియం దిమ్మలు బిగిస్తారు. ఉక్కుకు బదులు అవి కరిగిపోతాయి. గజ ఈతగాళ్ళు, నీటి అడుగున తిరిగే యంత్రాలు వెళ్ళి దిమ్మలు ఎంత మిగిలాయో చూసి వస్తాయి.

ఇక మన వంతు. సహజవాయువుకు సొంత వాసన లేదు. ఊళ్ళోకి వచ్చే గ్యాస్‌కు మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చిందంటే అది గ్యాస్ మనకు చెబుతున్న కబురు. స్విచ్ వేయకూడదు, తీయకూడదు. అగ్గిపుల్ల గీయకూడదు. కిటికీలు తెరిచి, వాల్వు కట్టేసి, బయటికి వచ్చాకే ఫోను చేయాలి.

బదిలీ మీద కొత్త క్వార్టర్‌లో దిగినప్పుడల్లా మేము సామాను విప్పకముందే గ్యాస్ వాల్వు ఎక్కడుందో చూసుకుంటాం. ఈసారి మీరూ అమ్మానాన్నలతో కలిసి చూడండి. వీధిలో గ్యాస్ లైను హెచ్చరిక రాయి కనిపిస్తే దాని మీది ఫోను నంబరు రాసుకోండి. దాని పక్కన ఎవరైనా గునపం దించుతుంటే పెద్దవాళ్ళకు వెంటనే చెప్పండి. ఆ గొట్టానికి మీరూ కాపలాదారులే.