పూలు పేర్చు పసిచేతులు

భాద్రపదము సగము గడచునప్పటికి ఘనపూరు పరిసరముల పొలములకు వేరొక రంగు వచ్చును. జొన్నచేల గట్ల మీద, పత్తి సాళ్ల నడుమ, బీడు నేలలలో గునుగు వెన్నులు తెల్లగా తలలెత్తును. చెరువుకట్టల వెంబడి, బండ్లబాటల ప్రక్కన, ఏ పంటకును పనికిరాని రాతినేలలలో తంగేడు పసుపుపచ్చగా విరబూయును. ఈ పూలను ఎవరును నాటలేదు. ఎవరును నీరు పోసి పెంచలేదు. వానకు మొలిచి, వాన వెనుకబట్టు వేళకు పూచినవి. ఆ వేళకే ఆ ఊళ్ల పిల్లలకు చేతినిండ పని దొరకును.

ఘనపూరు అను పేరుగల ఊళ్లు తెలంగాణములో ఒకటి కంటె ఎక్కువ కలవు. సికిందరాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుదారిపై, జనగామ దాటిన పిమ్మట వచ్చునది స్టేషన్ ఘనపూరు. భూపాలపల్లి దిక్కున కోటగుళ్లు గల ఘనపూరు మరియొకటి. దానినే గణపురమనియు వ్రాయుదురు. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడుటకు ముందు ఈ రెండును వరంగల్లు జిల్లాలోనివే. ఒకచోట రైలుకూత వినిపించును. ఒకచోట కాకతీయుల నాటి రాతిగుళ్లు, వాటి చుట్టును రాతి ప్రాకారము కనిపించును. పిల్లల ఆట మాత్రము రెండుచోట్లను ఒక్కటే.

ఆ ఆట మట్టితో మొదలగును. పెత్రమాసకు ముందటి దినములలో కన్నెపిల్లలు బొడ్డెమ్మను చేయుదురు. ఇందులకు ఏ మన్ను పడిన ఆ మన్ను పనికిరాదు, పుట్టమన్నే కావలెను. చెదలు నమిలి కట్టిన మన్ను మెత్తగా, జిగురుగా, రాయిరప్ప లేక యుండును. పిల్లలు గంపలు పట్టుకొని పోయి, పెద్దలలో ఒకరిని తోడు తీసికొని, ఎవరును నివసింపని పాత పుట్ట నుండి మన్ను తెత్తురు. పాములు చేరిన పుట్టయేదో, చేరని పుట్టయేదో ఊరి ముసలివారికి తెలియును. కావున ఆ తోడు అలంకారమునకు కాదు. తెచ్చిన మన్నును నీటితో తడిపి, త్రొక్కి, పీట మీద నలుపలకలుగ మెట్లు మెట్లుగా పేర్చి, పైకి పోవుకొలది చిన్నది చేయుదురు. ఎండకు పగులు పట్టిన చోట వేలితో తడిమన్ను మెత్తుదురు. పిదప జాజు పూసి, ముగ్గువేసి, పూలు గ్రుచ్చుదురు.

నాలుగేండ్ల పాప చేసిన మెట్టు వంకరగా వచ్చును. అక్క దానిని సరిచేయబోవును. అవ్వ వద్దనును. ఆ వంకర మెట్టు మీదనే మరునాడు పూలు పెట్టుదురు. బొడ్డెమ్మ చివరకు నీటిలో కరగిపోవలసినదే గనుక వంకరను గూర్చి ఎవరికిని చింత లేదు. పిల్లల చేతిపనిని గోడకు తగిలించి పదిమందికి చూపవలెనను తొందరలో నేటి తలిదండ్రులు ఈ సౌఖ్యమును పోగొట్టుకొనుచున్నారేమో యనిపించును.

బొడ్డెమ్మ గడచి పెత్రమాస రాగానే బతుకమ్మ. ఆ అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలు దుర్గాష్టమినాటి సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది దినములు. నడుమ అలిగిన బతుకమ్మనాడు పేర్పు లేదు. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట ఇది రాష్ట్ర పండుగయైనది. తంగేడు రాష్ట్ర పుష్పమైనది. ఈ గౌరవములకు చాల ముందుగనే ఇది ఇంటింటి బడి. ఈ బడిలో వయస్సును బట్టి తరగతి కలదు. మూడేండ్లవారు రంగులు వేరు చేయుదురు: పసుపుది ఇటు, తెల్లది అటు. ఆరేండ్లవారు పూలు తెంపుదురు. ఎనిమిదేండ్లవారు గునుగు కాడలను ఒకే కొలతకు కత్తిరించి పిడికెడు పిడికెడుగా దారముతో కట్టుదురు. పదేండ్లు దాటినవారికి వరుస పేర్చు అధికారము వచ్చును. అది సులభముగా వచ్చునది కాదు. తల్లి చేతి ప్రక్కన రెండు మూడేండ్లు కూర్చుండవలెను.

పూల వేట తెల్లవారుజామున సాగును. తంగేడు పూవు ఎండకు త్వరగా వాడును. కావున తడిగుడ్డ కప్పి తెత్తురు. పొలము గట్టున అవ్వయు మనుమరాలును మాటలాడుకొను తీరు ఇట్లుండును:

"అవ్వా, గిది మొత్తం పీకన్నా?"

"ఏర్లతోని పీకకు బిడ్డా. నడుమల కొయ్యి. కొన్ని ఇడిసిపెట్టు, గింజ రాలాలె. మల్లేడు మనకే కావాలె గద."

వృక్షశాస్త్రములో ఒక పాఠమంతయు ఈ రెండు మాటలలో నున్నది. గునుగు ఏకవార్షికము. ఆ ఏటి మొక్క ఆ యేడే చచ్చును. నల్లగా మెరయు దాని సన్నని గింజ నేలలో నిలిచి మరుసటి వానకు మొలవవలెను. వెన్నులన్నియు కోసినచో మరుసటి యేడు గట్టు బోసిపోవును.

ఉపాధ్యాయులు బడిపిల్లలను తీసికొనిపోయి తంగేడు చెట్టు దగ్గర ఒక గడియ నిలుపవలసినది. ఆ పూవులో తేనె లేదు. అయినను పెద్ద నల్లని తుమ్మెద దానిని విడువదు. పుప్పొడి సంచులు నిలువునా పగులక చివర చిన్న రంధ్రములతో మూసికొని యుండును. తుమ్మెద వానిని కాళ్లతో పట్టుకొని, రెక్కలు ముడిచి, కండరములతో జుమ్మని అదిరించును. ఉప్పుడబ్బాను కుదిపినట్లు పుప్పొడి రాలును. ఎగురునప్పటి చప్పుడునకును, పూవుపై వ్రాలినప్పటి చప్పుడునకును భేదమున్నది. పిల్లలు చెవియొగ్గిన చాలు, దానిని పట్టగలరు. ఇక గునుగు వెన్నును విడదీసి చూపినచో అది ఒక పూవు కాదు, వందల చిన్నపూల గుత్తి అని తెలియును. రేకులు కాగితమువలె పొడిగా నుండును గనుక కోసిన తరువాతను వాడవు.

రంగులద్దుటకు గునుగును ఎన్నుకొనుటకు కారణము ఇదియే. ఇప్పుడు అంగడిలో దొరకు పొడిరంగులే అందరును వాడుచున్నారు. అవి పసిచేతులకు అంటిన త్వరగా వదలవు. ఒకసారి పసుపునీటిలో కొన్ని వెన్నులు ముంచి చూడవచ్చును. వానిలో కొన్నింటిపై సున్నపుతేట చిలుకరించినచో పసుపు ఎరుపునకు తిరుగును. ఇంట పారాణి కలుపునది ఈ కిటుకుతోనే. రసాయనశాస్త్రమునకు ఇంతకంటె చవుకైన ప్రయోగశాల లేదు.

పేర్పులో గణితము దాగియున్నది. వెదురుసిబ్బిలో గుమ్మడాకులు పరచి, అంచున తంగేడు పూలను గుండ్రముగా పెట్టి, నడుమ ఖాళీని తరిగిన ఆకులతోను కాడలతోను నింపుదురు. దానిపై గునుగు, దానిపై బంతి, ఇట్లు వరుస వరుసకు వలయము సన్నగిలి గోపురమువలె లేచును. అడుగు వలయమునకు ముప్పది కట్టలు పట్టినచో, అడ్డుకొలత సగమైన చోట పదునైదు పట్టును. దారముతో చుట్టు కొలిచి, అడ్డు కొలిచి చూచినచో చుట్టు అడ్డునకు మూడు రెట్ల కంటె కొంచెమెక్కువ యని పిల్లవాడు తానే కనిపెట్టును. నడుమ నింపుడు వదులైనచో బతుకమ్మ ఒరగును. ఈ సంగతి కోటగుళ్ల ఎదుట నిలిచిన పిల్లలకు చెప్పిన బాగుగా నెక్కును: క్రిందిది విశాలము, పైది సన్నము, లోపలిది గట్టి. గణపతిదేవుని కాలపు శిల్పులకును, నేటి తల్లులకును బరువు విషయములో ఒకే చిక్కు.

మట్టి, ఆకు, దారము, పాట అను వీనితో పసివారికి చదువు చెప్పవచ్చునని యూరోపులో శాస్త్రముగ చెప్పినవాడు జర్మనీ దేశస్థుడైన ఫ్రోబెల్. ఆయన 1837లో పసివారి కొరకు పాఠశాల నారంభించి, 1840లో దానికి 'పిల్లల తోట' అను అర్థమిచ్చు పేరుపెట్టెను. 1844లో తల్లులు పిల్లలతో పాడి ఆడదగిన పాటల పుస్తకమును ప్రకటించెను. మన దేశమున రవీంద్రుడు 1901లో శాంతినికేతనములో చెట్లక్రింద బడి పెట్టెను. వీరి గ్రంథములను ఉపాధ్యాయ శిక్షణలో చదివి పరీక్ష వ్రాసినవారు, తమ యింటి వాకిట సిబ్బి ముందు కూర్చున్న చెల్లెలిని చూచి అదియు ఆ విద్యయేయని గుర్తింపకపోవుట వింత. ఒక లోపము చెప్పక తప్పదు: మగపిల్లలను పూలు తెచ్చుటకే గాని పేర్చుటకు పిలువరు. వారి వ్రేళ్లకు మాత్రము ఈ నేర్పు వలదా?

ఇప్పుడు చిక్కు మరియొకచోట వచ్చినది. రైతుకు గునుగు కలుపు. వెనుక కలుపు తీయు స్త్రీలు సాళ్లలోనిది పెరికి, గట్టుమీదిది విడిచెడివారు. నేడు కలుపుమందు సాళ్లతోపాటు గట్లను గూడ మాడ్చుచున్నది. రైతును నిందించుట తేలిక. కూలి దొరకక, దొరికినను గిట్టక అతడు మందును పట్టినాడు. తంగేడు పెరుగు బీళ్లు చదునగుచున్నవి, బాటలు వెడల్పగుచున్నవి. సద్దులనాటి ఉదయమున పట్టణపు వీథులలో పూలకట్టలను బేరమాడి కొనుచున్నారు. కొన్నపూలతోను బతుకమ్మ అగును. కాని గట్టున నడచుట లేదు, తుమ్మెదను వినుట లేదు, "ఏర్లతోని పీకకు" అను మాట లేదు. పూల పేర్లు తెలిసిన అవ్వలు తగ్గిపోవుచున్నారు.

మరియొక మాట. తంగేడును గునుగును చెరువునీటిని శుద్ధిచేయునని తరచు వ్రాయుదురు. నమ్ముటకు ఇంపైన మాటయే. పూలు కుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చగునన్నది కూడ సత్యమే. నిండుచెరువునకు కొన్ని బతుకమ్మలు లెక్క కాకపోయినను, చిన్న మడుగున కుప్పలుగా పడినచో నీరు చెడును. తేల్చుకొనుటకు రెండు గాజుసీసాలు చాలును. రెంటను ఒకే చెరువునీరు పోసి, ఒకదానిలో పూలు వేసి, నాలుగు దినములు రంగును వాసనను చూచి పిల్లలే పలకపై వ్రాసికొనవచ్చును. ఏమి వచ్చినను అది వారు చూచిన సంగతి యగును.

పండుగ వెళ్లిన కొన్ని వారములకు గట్లమీద మిగిలిన గునుగు వెన్నులు ఎండి గోధుమరంగు తిరుగును. అప్పుడు ఒక వెన్నును అరచేత నలిపినచో నల్లని గింజలు రాలును. బడి ప్రహరీ వెంబడి జానెడు వెడల్పున మన్ను గుల్లచేసి, వానిని పైపైన చల్లి, పలుచగా మన్ను కప్పిన చాలును. గింజలు కొన్ని కాగితపు పొట్లములో మిగిల్చి, పొట్లముపై పేరును, తెచ్చిన గట్టు పేరును వ్రాసి దాచవలెను. చల్లినవి మొలవకపోయినచో, తొలకరికి మరల చల్లుటకు అవి ఉండును.