పాత సిస్టమ్‌లో వీడియో ఎడిటింగ్ నత్తనడకా? కొత్తది కొనేముందు సీ డ్రైవ్ ఓసారి చూడండి!

ముహూర్తాలు మొదలయ్యాయంటే చిన్న ఊళ్లలోని ఫొటో స్టూడియోలకు ఊపిరి సలపదు. రాత్రి ఒక పెళ్లి, తెల్లారితే ఇంకో ఊళ్లో రిసెప్షన్. ఈ మధ్యలోనే పోయిన నెల పెళ్లి వీడియో ఎడిటింగ్ పూర్తి చేయాలి. సరిగ్గా తలంబ్రాల సీన్ దగ్గర టైమ్‌లైన్ ఆగిపోతుంది, స్క్రీన్ మీద ‘నాట్ రెస్పాండింగ్’ అని వస్తుంది. అటు పెళ్లివారి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. దాంతో అప్పో సప్పో చేసి సిస్టమ్ మార్చేద్దామనుకుంటారు. అయితే ఏడెనిమిదేళ్ల నాటి కంప్యూటర్ అయినా సరే, పక్కన పెట్టేముందు చూడాల్సినవి ఉన్నాయి. చాలాసార్లు తప్పు కంప్యూటర్ వయసుది కాదు. నిండిపోయిన డిస్క్‌దో, ఫోన్‌లో తీసిన క్లిప్‌దో అయి ఉంటుంది.

ముందు జబ్బేంటో తెలియాలి. టైమ్‌లైన్ ఎక్కడ ఆగుతోందో అక్కడ ప్లే చేసి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ బటన్లు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ చూడాలి. డిస్క్ 100 శాతం దగ్గర ఉండి, సీపీయూ మాత్రం ఖాళీగా ఉంటే సమస్య డిస్క్‌దే. సీపీయూ 100కి చేరితే క్లిప్ ఫార్మాట్ మీద అనుమానపడాలి. మెమరీ నిండిపోతే ముందు బ్రౌజర్ ట్యాబ్‌లు మూసేసి చూడాలి, అప్పటికీ నిండుతుంటేనే ర్యామ్ గురించి ఆలోచించాలి. ఇది చూడకుండా ర్యామ్ కొనేసి, తేడా ఏం లేదని తల పట్టుకునేవాళ్లు చాలామందే ఉంటారు.

డెలివరీ అయిపోయినా క్యాష్ మాత్రం అక్కడే:

ప్రీమియర్ ప్రోలోకి క్లిప్‌లు తెచ్చినప్పుడు, వేగంగా ప్లే చేయడం కోసం ఆ సాఫ్ట్‌వేర్ కొన్ని సహాయక ఫైళ్లు తయారు చేసుకుంటుంది. వీటినే మీడియా క్యాష్ అంటారు. ఎవరూ మార్చకపోతే ఇవి సీ డ్రైవ్‌లోనే పేరుకుంటాయి. పెళ్లి వీడియో ఇచ్చేశాక ఫుటేజ్ డిలీట్ చేస్తారు కానీ, ఈ క్యాష్ సంగతి ఎవరికీ గుర్తుండదు. అలా ఎప్పుడో మూడేళ్ల కిందటి పెళ్లిళ్ల క్యాష్ కూడా అక్కడే ఉండిపోతుంది.

ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్‌కు వెళ్లి, మీడియా క్యాష్‌లో డిలీట్ చేస్తే సరిపోతుంది. దీనివల్ల ఒరిజినల్ ఫుటేజ్‌కు ఏమీ కాదు. పాత ప్రాజెక్ట్ మళ్లీ తెరిస్తే క్యాష్ కొత్తగా తయారవుతుంది, కాసేపు ఆగాలి అంతే. పాతవి వాటంతట అవే పోయేలా గడువు పెట్టుకునే ఆప్షన్ కూడా అక్కడే ఉంది. డావిన్చీ రిజాల్వ్ వాడేవాళ్లు ప్లేబ్యాక్ మెనూలో డిలీట్ రెండర్ క్యాష్ నొక్కాలి.

విండోస్ చెత్త కోసం సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌కు వెళ్లాలి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా కనిపిస్తుంది. దానికి టిక్ పెడితే పెళ్లివారు పంపిన పాటలు, ఫొటోలు కూడా పోతాయి. ఇక ఫుటేజ్ అంతా డెస్క్‌టాప్ మీదే పెట్టుకునే అలవాటు ఒకటుంది. డెస్క్‌టాప్ వేరే చోటు అనుకుంటారు గానీ, మామూలుగా అదీ సీ డ్రైవే. ర్యామ్ చాలనప్పుడు విండోస్ ఆ డ్రైవ్‌నే తాత్కాలిక మెమరీగా వాడుకుంటుంది. కాబట్టి ఐదో వంతైనా ఖాళీ ఉంచడం మంచిది.

పాత హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం మీద ఒక ముల్లు అటూ ఇటూ కదులుతూ డేటా చదువుతుంది. మూడు కెమెరాల ఫుటేజ్, పాట, క్యాష్, విండోస్ అన్నీ ఒకే డిస్క్‌లో ఉంటే ఆ ముల్లు పరిగెత్తడంతోనే సరిపోతుంది. సెకనుకు 100 నుంచి 150 ఎంబీ చదవగల డిస్క్ కూడా అప్పుడు చతికిలపడుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ ఉన్న చోటే సాటా ఎస్ఎస్‌డీ కూడా సాధారణంగా పడుతుంది. దాని వేగం సెకనుకు 500 ఎంబీ దాకా ఉంటుంది, పైగా వెతుక్కునే పని లేదు. విండోస్, సాఫ్ట్‌వేర్, క్యాష్ ఎస్ఎస్‌డీలో పెట్టి, ఫుటేజ్‌ను పాత డిస్క్‌లో ఉంచుకోవచ్చు. ఖర్చు పెట్టాలనుకుంటే మొదటి రూపాయి దీని మీదే పెట్టాలి.

సీపీయూని ముంచేది ఫోన్ క్లిప్:

ఐఫోన్‌లో హై ఎఫిషియెన్సీ పెట్టి తీసిన వీడియో హెచ్ఈవీసీ ఫార్మాట్‌లో వస్తుంది. ఫైల్ చిన్నదే, కానీ దాన్ని విప్పడం పెద్ద పని. ఇంటెల్ 4వ తరం ప్రాసెసర్లలో ఇందుకు ప్రత్యేక హార్డ్‌వేర్ లేదు. 10 బిట్ హెచ్ఈవీసీకి 7వ తరం నుంచే ఆ సదుపాయం వచ్చింది. అందుకే పెద్ద కెమెరా ఫుటేజ్ సాఫీగా నడిచే సిస్టమ్, వధువు తమ్ముడు ఫోన్‌లో తీసిన నిమిషం క్లిప్ దగ్గర బిక్కమొహం వేస్తుంది.

దీనికి అసలైన మందు ప్రాక్సీ. అంటే ప్రతి క్లిప్‌కు ఒక చిన్న నకలు తయారు చేసి, ఎడిటింగ్ దాని మీద చేయడం. 4కే ఫ్రేమ్‌లో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 960 బై 540 సైజు ప్రాక్సీలో అవి 5 లక్షల చిల్లరే, అంటే పదహారో వంతు. ప్రీమియర్‌లో క్లిప్‌లను సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌తో ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్ ఎంచుకోవాలి. రాత్రి పడుకునేముందు పెట్టేస్తే పొద్దున్నకి రెడీ. ఎక్స్‌పోర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఒరిజినల్‌నే తీసుకుంటుంది కాబట్టి క్వాలిటీ తగ్గదు. కాకపోతే ఒరిజినల్ ఉన్న డ్రైవ్ అప్పుడు కనెక్ట్ అయి ఉండాలి. అంత ఓపిక లేకపోతే ప్లేబ్యాక్ రిజల్యూషన్‌ను సగానికో పావుకో తగ్గించినా కొంత ఊరట ఉంటుంది.

క్లీనింగ్ కంటే ముందు కాపీ:

సిస్టమ్ స్లో అవడం ఒక్కోసారి హార్డ్ డిస్క్ చివరి దశకు వచ్చిందనడానికి గుర్తు. టిక్ టిక్ శబ్దాలు, ఫోల్డర్ తెరవడానికే నిమిషాలు పట్టడం, కాపీ మధ్యలో ఎర్రర్లు... ఇవి కనిపిస్తే క్లీనింగ్, డీఫ్రాగ్ జోలికి అసలు వెళ్లొద్దు. డెలివరీ కాని ఫుటేజ్‌ను వెంటనే వేరే డిస్క్‌లోకి కాపీ చేయాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్క్ ఆరోగ్యాన్ని చూపిస్తుంది. ‘కాషన్’ అని వచ్చిందంటే ఆ డిస్క్‌ను ఇక నమ్మకూడదు. జీలకర్ర బెల్లం పెట్టిన క్షణాన్ని ఏ ఎడిటరూ మళ్లీ షూట్ చేయలేడు.

ర్యామ్ బూస్టర్లు, రిజిస్ట్రీ క్లీనర్ల వల్ల ఎడిటింగ్ వేగం పెరగదు. క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రాన్సమ్‌వేర్ అయితే ఫుటేజ్ మొత్తానికి తాళం వేసేస్తుంది.

ఇవన్నీ చేసినా ఎక్స్‌పోర్ట్ సమయం మాత్రం పెద్దగా తగ్గదు, ఎందుకంటే అది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల పని. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపుగా 8వ తరం నుంచే మొదలవుతాయి. అంతకంటే పాత సిస్టమ్ ఉన్నవాళ్లు దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా, ఎడిటింగ్‌కు మాత్రమే వాడుకోవడం మేలు.