నిప్పు నార్పు నేర్పు

గౌతమీ వసిష్ఠా నదుల నడుమ సముద్రమువఱకు వ్యాపించిన ముక్కోణపు భూమియే కోనసీమ. ఎటు చూచినను కొబ్బరితోటలు, కాలువలు, చెఱువులు. ఇంత నీరు గల సీమకు నిప్పు భయమేమని పొరుగువారు శంకింపవచ్చును. కాని పంటకాలువలను మరమ్మతులకై కట్టివేయుట వేసవిలోనే జరుగును. ఇంటి కప్పుపై తాటాకును, పెరటిలో కొబ్బరిమట్టయు ఎండి గలగలలాడునదియు ఆ దినములలోనే. నీరు తగ్గు కాలమే యిచట నిప్పు పెచ్చుపెరుగు కాలము.

అమలాపురము, రాజోలు, కొత్తపేటలలో అగ్నిమాపక కేంద్రములు కలవు. ఒక్కొక్క శకటము సామాన్యముగా 4,500 లీటర్ల నీటిని మోసికొని వచ్చును. పెద్ద ధారగా విడిచినచో ఆ నీరు పదిపండ్రెండు నిమిషములలో వట్టిపోవును. పిదప చెఱువే దిక్కు. అదియునుగాక శకటము ప్రతి యింటి ముంగిటికిని పోజాలదు. ఇఱుకైన తోటదారులును, పడవపై దాటవలసిన లంకలును దాని కడ్డుపడును. తాటాకిల్లు కాలుటకు అంత సేపు పట్టదు. కావున మొదటి నిమిషముల పని ఊరివారిదే. వారికి చేతులు కలవు. ఆ చేతులకు అభ్యాసము కావలెను.

మన దేశమున అగ్నిమాపకాధికారులకు శిక్షణ నిచ్చు జాతీయ కళాశాల 1956లో ఏర్పడి, పిమ్మట నాగపురమున స్థిరపడినది. ఎత్తైన గోపురములు, పొగ నింపిన గదులు మున్నగునవి యిట్టి శిక్షణకు సాధనములు. పల్లెలో అవి లేవు. లేనంతమాత్రమున విద్య ఆగిపోవలసిన పని లేదు. 1824లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ అను యువకుడు అగ్నిమాపక దళమునకు నాయకుడయ్యెను. అతడు ఇండ్లకప్పులు వేయువారిని, వడ్రంగులను, తాపీపనివారిని ఏరి తన దళములో చేర్చుకొనెను. ఏ దూలము నిలుచునో, ఏ గోడ కూలునో వారికి వృత్తివలననే తెలియును. తెల్లవారుజామున నాలుగు గంటలకు, చీకటి యుండగనే, వారిచే సాధన చేయించెడివాడు. చీకటిలో పని చేయ నేర్చిన చేయి పొగలో తడబడదు గదా!

కోనసీమలో అట్టివారికి కొదువ లేదు. కొబ్బరి దింపు తీయువానికి ఎత్తనిన వెఱపు లేదు. పడవవానికి తెలియని ముడి లేదు. లాగిన కొలది బిగియక, మనిషి నడుమున నిలుచు ఉచ్చు ముడిని వానివద్దనే నేర్చుకొనవచ్చును. గోపురమునకు బదులు గట్టి చెట్టుకొమ్మ గాని, మేడ పిట్టగోడ గాని చాలును. అయితే త్రాడును నమ్ముటకు ముందు దానిని పరీక్షింపవలెను. మనిషికంటె బరువైన ఇసుకబస్తాను పలుమారులు దింపి చూచిన పిదపనే మనిషిని దింపవలెను.

స్పృహ తప్పినవానిని మోయుట మఱియొక విద్య. బస్తాను భుజమున వేసికొనుట అలవాటైన పల్లెవారు ఇది సులువనుకొందురు. కాని బస్తా కదలదు. సోలిపోయిన మనిషి చేతులు, కాళ్లు, తల తలయొక వైపునకు జారును. అందుచే పాత చొక్కాలో, లాగులో ఇసుకయు గడ్డియు కూరి, ఆ బొమ్మను మోయుచు సాధన చేయుట మేలు. రెండు వెదురు గడలను రెండు గోనెసంచుల అడుగులు చీల్చి దూర్చినచో మోతపడక సిద్ధమగును.

బొక్కెనల వరుస మిక్కిలి పాతదైనను నేటికిని పనికివచ్చుచునే యున్నది. సాధన లేని గుంపు ఎవరి బిందె వారు పట్టుకొని చెఱువునకు పరుగెత్తి, దారిలో ఒకరి నొకరు త్రోసికొని, సగము నీరు నేలపాలు చేయును. సాధన గలవారు రెండు వరుసలుగా నిలుతురు. ఒక వరుసలో నిండు బొక్కెనలు ఇంటివైపు పోవును. రెండవ వరుసలో వట్టివి చెఱువువైపు మరలును. ఎవరును అడుగు కదపరు. మొదటి బొక్కెన బయలుదేఱినది మొదలు ఇంటివద్ద డ్రమ్ము నిండువఱకు గడియారము చూచినచో, నేర్పు నానాటికి పెరుగుట తెలియును.

ఆ నీటిని ఎక్కడ పోయవలెననునది వేఱొక ప్రశ్న. కప్పంతయు అంటుకొన్న పూరింటిపై పోసిన నీరు తఱచు వృథా. గాలివాలున నున్న ప్రక్కయింటి కప్పును ముందు తడుపవలెను. కమ్మరి చేసిన కొక్కెమును పొడవైన వెదురునకు బిగించి, నిప్పు ప్రాకు దారిలోని తాటాకును లాగి పడవేయవలెను. కొబ్బరిడొక్కల కుప్ప సంగతి వేఱు. పైన నీరు పోయగనే అది ఆరినట్లే కనబడును; లోపల నిప్పు గంటలకొలది రగులుచుండును. కుప్పను పారలతో విడదీసి, పొర పొరకును నీరు తగులునట్లు చూడనిదే ఆ నిప్పు చావదు. చిన్న కుప్పను రగిల్చి పెద్దల యెదుట చేసి చూపిన ఈ సంగతి ఒక్కసారితో బోధపడును.

చిన్న పంపు దొరకినచో దానిని చెఱువుగట్టున నిలుపవచ్చును. పంపు నీటిని లాగుననుట వాడుకయేగాని, గొట్టములో గాలి తీయగా బయటి వాతావరణ పీడనమే నీటిని పైకి నెట్టును. ఆ పీడనము పది మీటర్లకు మించి నిలుపజాలదు. వాడుకలో ఏడు మీటర్లు దాటుట కష్టము. కావున వేసవిలో నీరు ఎంత దిగినదో ముందే కొలిచి యుంచవలెను. గొట్టపు మూతిని వెదురుబుట్టలో నుంచి దింపినచో గుఱ్ఱపుడెక్క అడ్డుపడదు.

పొగ విషయములో మాత్రము ఈ ఉపాయములకు హద్దు కలదు. కన్నులకు గంతలు కట్టుకొని, బల్లలు అడ్డముగా నుంచిన తరగతి గదిలో గోడ వెంట ప్రాకుచు, ద్వారము వెదకుట నేర్వవచ్చును. ముక్కునకు తడిగుడ్డ కట్టిన మసి కొంత ఆగును. కార్బను మోనాక్సైడు ఆగదు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలి సిలిండరుతోడి ముసుగునకు తడిగుడ్డ సాటి యని నేర్పుట ప్రాణములతో చెలగాటము. ముసుగు లేనివాడు దట్టమైన పొగలోనికి పోరాదు.

భూగర్భ వాయువు విషయములో హద్దు ఇంకను స్పష్టము. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురు, సహజవాయు సంఘమువారి బావినుండి వాయువు పెల్లుబికి మండినది. విదేశ నిపుణులు సైతము వచ్చి పనిచేసిన ఆ మంట 65 దినములు ఆరలేదు. చుట్టుప్రక్కల గ్రామముల జనులు ఇండ్లు విడువవలసివచ్చెను. 2014 జూన్ 27న మామిడికుదురు మండలములోని నగరము గ్రామమున గొట్టము పగిలి వాయువు వ్యాపించి అంటుకొనగా, ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇట్టి మంటను బొక్కెనలు ఆర్పలేవు. వాయువు వచ్చు దారిని మూయకుండ మంటను మాత్రమే ఆర్పినచో, వాయువు ప్రోగుపడి మఱల ప్రేలును.

ఇచట ఊరివారు నేర్వదగినది తప్పించుకొనుటయే. వాయువు జాడ తెలిసినంతనే పొయ్యి వెలిగింపరాదు, దీపపు మీట నొక్కరాదు, బండి నడుపరాదు. పిల్లలను, వృద్ధులను వెంటగొని గాలికి అడ్డముగా నడచి, పిమ్మట గాలి వచ్చువైపునకు తిరిగి దూరముగా పోవలెను. అచటినుండి 101కు తెలుపవలెను. ఏ యింటివారు ఏ దారిన పోవలెనో, మంచమున నున్న ముసలివారిని ఎవరు మోయవలెనో ముందే నిర్ణయించుకొని, రాత్రివేళ ఒకసారియు పగటివేళ ఒకసారియు నడచి చూచుటయే దీని సాధన. గాలి యెటు వీచుచున్నదో తెలిసికొనుటకు పిడికెడు ఊక చాలును.