చిరునామా మారినా గుర్తింపు నిలవాలంటే: వెబ్‌సైట్‌కు వచ్చే లింకులను కాపాడుకోవడం ఎలా?

మయూర్ విహార్ (ఢిల్లీ): తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్ వాసులకు పదేళ్ల వ్యవధిలో పురపాలక సంస్థ రెండుసార్లు మారింది. 2012లో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌ను మూడుగా విభజించినప్పుడు ఈ ప్రాంతం తూర్పు ఢిల్లీ కార్పొరేషన్ పరిధిలోకి వచ్చింది. 2022 మే 22న ఆ మూడూ తిరిగి ఒకటయ్యాయి. ఇల్లూ మారలేదు, వీధీ మారలేదు. ఆస్తిపన్ను కట్టవలసిన, జనన ధ్రువపత్రం తీసుకోవలసిన సంస్థ మాత్రం మారింది. తెలుగువారికి ఇటువంటి అనుభవం కొత్తేమీ కాదు. 2014 జూన్ 2న రాష్ట్ర విభజనతో ప్రభుత్వ శాఖలు కూడా రెండుగా విడిపోయాయి.

సంస్థ విడిపోయినా, కలిసినా, పేరు మార్చుకున్నా ఇంటర్నెట్‌లో ఒక ప్రశ్న తలెత్తుతుంది. పాత వెబ్‌సైట్‌ను ఉటంకిస్తూ పత్రికలు, పాఠశాలలు, కాలనీ సంఘాలు ఏళ్ల తరబడి ఇచ్చిన లింకుల గతి ఏమిటన్నదే ఆ ప్రశ్న.

లింకుకు విలువ ఎందుకు?

ఒక పేజీకి ఇతర సైట్ల నుంచి లింకు వచ్చిందంటే, దానిని చదివి పనికివస్తుందని మరొకరు భావించారని అర్థం. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ రూపొందించిన పేజ్‌ర్యాంక్ పద్ధతికి ఈ ఆలోచనే పునాది. ఎన్ని లింకులు వచ్చాయన్నదే కాక, అవి ఎటువంటి పేజీల నుంచి వచ్చాయన్నదీ ఆ పద్ధతి లెక్కలోకి తీసుకుంటుంది. నేడు గూగుల్ ఇంకా అనేక అంశాలను పరిశీలిస్తున్నప్పటికీ లింకుల ప్రాధాన్యం పూర్తిగా తొలగిపోలేదు.

అయితే ఆ గుర్తింపు సంస్థ పేరుకు కాక పేజీ చిరునామాకు అంటిపెట్టుకుని ఉంటుంది. చిరునామా చెడితే గుర్తింపూ కరిగిపోతుంది.

కనుమరుగవుతున్న పేజీలు

2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవని అమెరికాకు చెందిన ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో వెల్లడించింది. అది పరిశీలించిన ఆంగ్ల వికీపీడియా పేజీలలో 54 శాతంలో కనీసం ఒక మూలాధార లింకు పనిచేయడం లేదు.

తెలుగులో దీనికి తగిన ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. వేలాది పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి అందించిన ఈ గ్రంథాలయానికి తెలుగు వికీపీడియా వ్యాసాల నుంచి విరివిగా లింకులు ఉండేవి. కాలక్రమంలో పాత చిరునామాలు మూతపడ్డాయి. ఆ పుస్తకాలలో అనేకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నేటికీ దొరుకుతున్నాయి. కానీ పాత లింకు నొక్కినవారికి ఆ దారి తెలియదు. పుస్తకం ఉంది, తలుపు మూసుకుంది.

దారి మళ్లింపే పరిష్కారం

చిరునామా మార్చక తప్పనప్పుడు, పాత పేజీ నుంచి కొత్త పేజీకి శాశ్వత దారి మళ్లింపు ఏర్పాటు చేయాలి. సాంకేతిక పరిభాషలో దీని సంఖ్య 301. పాఠకుడు కొత్త పేజీకి తనంత తానుగా చేరుకుంటాడు. పాత లింకుల విలువ కొత్త చిరునామాకు చెందుతుందని సెర్చ్ ఇంజిన్ కూడా గ్రహిస్తుంది.

ఇక్కడ మూడు పొరపాట్లు తరచుగా జరుగుతుంటాయి. మొదటిది, పాత పేజీలన్నింటినీ కొత్త సైట్ ముఖపేజీకి మళ్లించడం. జనన ధ్రువపత్రం కోసం వచ్చినవారికి ముఖపేజీ వల్ల ఉపయోగం లేదు. అటువంటి మళ్లింపును గూగుల్ కూడా పేజీ లేనట్టే పరిగణించే అవకాశం ఉంది. రెండవది, ఒక మళ్లింపు మీద మరొకటి పేర్చుకుంటూ పోవడం. మూడవది, కొద్ది నెలలకే మళ్లింపును తొలగించడం. వీలైనంత కాలం, సాధారణంగా కనీసం ఒక ఏడాది, దానిని కొనసాగించాలని గూగుల్ సూచిస్తోంది.

వదిలేసిన డొమైన్‌తో ముప్పు

కొత్త సైట్ సిద్ధమైందని పాత డొమైన్ రుసుము చెల్లించకుండా వదిలేయడం అన్నింటికంటే ప్రమాదకరం. గడువు తీరిన పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. పాత సంస్థపై నమ్మకంతో ఇతరులు ఇచ్చిన లింకులన్నీ అప్పుడు అపరిచితుల చేతికి చిక్కుతాయి. పన్ను కట్టేందుకు పాత లింకు నొక్కిన వ్యక్తి మోసగాళ్ల పేజీకి చేరినా ఆశ్చర్యం లేదు. గడువు తీరిన డొమైన్లను కొని వాటి పేరుప్రతిష్ఠలతో సెర్చ్ ఫలితాలలో పైకి రావడాన్ని గూగుల్ 2024 మార్చిలో తన నిషేధిత పద్ధతుల జాబితాలో చేర్చింది. అయినా డొమైన్‌ను వదులుకోకపోవడమే మేలైన రక్షణ.

కొన్న లింకులు నిలవవు

పోయిన లింకుల స్థానంలో డబ్బిచ్చి కొత్తవి తెచ్చుకోవచ్చన్న ఆలోచన కూడా ఫలించదు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ మార్పుతో గూగుల్ కృత్రిమ లింకులపై కఠినంగా వ్యవహరించడం మొదలుపెట్టింది. నిజమైన పాఠకులు ఇచ్చిన పాత లింకు ఒక్కటి నిలిచినా అంతకంటే మేలు.

ఏటా ఒకసారి చూసుకోవలసినవి

గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఏయే పేజీలకు బయటి నుంచి లింకులు ఉన్నాయో ఉచితంగా చూడవచ్చు. వాటిలో తెరుచుకోనివి ఉంటే సరైన పేజీకి మళ్లించాలి. డొమైన్ గడువు తేదీని ఒక ఉద్యోగికి కాక సంస్థకే తెలిసేలా నమోదు చేయాలి. విలువైన పాత పేజీలను తొలగించకుండా, సమాచారం ఏ తేదీ నాటిదో స్పష్టం చేస్తూ అదే చిరునామాలో ఉంచాలి.

ఇల్లు మారేవారు కొత్త చిరునామాను పొరుగువారికి చెప్పి వెళతారు. వెబ్‌సైట్ మార్చే సంస్థ కూడా తనను వెతుక్కుంటూ వచ్చేవారి కోసం ఆ మాత్రం ఏర్పాటు చేసి వెళ్లాలి.