వెబ్ నిర్మాణ సమావేశములలో తొలి పాఠము

వెబ్‌సైట్లు నిర్మించువారు అప్పుడప్పుడు ఒకచోట చేరి తమ విద్యను గూర్చి ముచ్చటించుకొనుట క్రొత్త విషయము కాదు. కాని ఏమియు తెలియనివారిని పిలిచి, ప్రక్కన కూర్చుండి, ఒక్క దినములో వారిచేతనే ఒక చిన్న వెబ్‌సైటును చేయించు సమావేశములు కూడ కలవు. వానిని గూర్చి మన విద్యార్థినీ విద్యార్థులకును, కళాశాల పాలక సంఘ సభ్యులకును కొంత చెప్పదలచితిమి.

2010లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో లిండా లియుకాస్, కారి సారినెన్ అను ఇరువురు 'రైల్స్ గర్ల్స్' అను పేర స్త్రీలకై ఇట్టి సమావేశమును ఏర్పరచిరి. 2014 జూలైలో బెర్లిన్ నగరమున జరిగిన యూరోపైథాన్ మహాసభ సందర్భముగా ఓలా సితార్స్కా, ఓలా సెండెట్స్కా అను పోలండు యువతులు 'జాంగో గర్ల్స్'ను ప్రారంభించిరి. ఆ పద్ధతి పిదప పెక్కు దేశములకు, మన దేశమునకును వ్యాపించినది. అందు ముగ్గురు నేర్చుకొనువారికి ఒక సహాయకుడుండును. ఉపన్యాసములు మిక్కిలి తక్కువ. పాఠమంతయు వ్రాతలో ముందే సిద్ధముగా నుండును. ఎవరి వేగమున వారు చదువుకొని చేసికొనవచ్చును. కంప్యూటరులో సాఫ్ట్‌వేరు ఎక్కించుకొను పని ముందునాటి సాయంకాలమే ముగింతురు. ఈ ఏర్పాటు లేనిచోట ఉదయమంతయు ఆ తంటాతోనే గడచి, మధ్యాహ్న భోజనమునకు ముందే సగము మంది నిరుత్సాహపడుదురు.

అయితే ఏర్పాట్లు ఎంత చక్కగా నున్నను, సహాయకుని చేయి ఎచట నున్నదను దానిపైననే ఫలితము ఆధారపడియుండును. మేము చూచిన యొక సంగతి చెప్పెదము. ఒక సమావేశమున ఒక విద్యార్థిని తన కళాశాలను గూర్చి ఉర్దూలోను, తెలుగులోను ఒక పుట తయారు చేయుచుండెను. ఉర్దూ వాక్యము నడుమ కళాశాల పేరు తెలుగులో వ్రాసినది. తీరా చూడగా పంక్తి ఎడమ అంచునకు అంటుకొని యున్నది. అంతేగాక వాక్యము రెండవ సగము మొదటి సగమునకు కుడివైపునకు పోయి, అర్థము తలక్రిందులైనది. సహాయకుడు "ఇటివ్వమ్మా" అని కీబోర్డు తీసికొని, అర నిమిషములో సరిచేసి, వెడలిపోయెను. ఆమె రెండవ పేరా వ్రాసినది. మరల అదే చిక్కు. ఈసారి అడుగుటకు సిగ్గుపడి, ఉర్దూ భాగమునే తీసివేసినది.

ఇందలి రహస్యము కష్టమైనది కాదు. ఉర్దూ అక్షరములు కుడినుండి ఎడమకు నడచునని బ్రౌజరునకు తెలియును. కాని ఆ పేరా మొత్తము ఏ దిశకు చెందినదో మనము చెప్పనిచో, ఎడమనుండి కుడికని అది భావించును. పేరా గుర్తులో డి.ఐ.ఆర్. అను లక్షణమునకు ఆర్.టి.ఎల్. అను విలువ నిచ్చినచో చాలును. "ఈ పేరా ఎటునుండి ఎటు చదువవలెనో బ్రౌజరునకు ఎవరు చెప్పిరి?" అని ఒక్క ప్రశ్న వేసి, సహాయకుడు రెండు నిమిషములు ఓపిక పట్టియున్నచో, ఆ అమ్మాయి ఇరు భాషల పుటను తానే నిలబెట్టుకొనెడిది. ఆ అర నిమిషపు ఉపకారము ఆమె మాతృభాషను పుటనుండి తొలగించినది! అందుచేతనే, నేర్చుకొనువారి కీబోర్డును ముట్టరాదను నియమమును మేము అన్నిటికంటె ముందు చెప్పుదుము.

దోష సందేశమును చదువుట నేర్పుట మరియొక ముఖ్య విషయము. పైథాన్ భాషలో తప్పు జరిగినపుడు తెరపై పొడవైన వ్రాత వచ్చును. క్రొత్తవారు దానిని చూచి భయపడుదురు. అట్టివారిని ముందుగా చివరి పంక్తి చదువుమనవలెను. తప్పు ఏ జాతిదో అందే యుండును. దానికి పైన ఏ ఫైలులో, ఎన్నవ పంక్తిలో అన్నది యుండును. హెచ్.టి.ఎం.ఎల్.లో ఈ సౌకర్యము లేదు. శీర్షికకు ముగింపు గుర్తు మరచినను బ్రౌజరు నోరు మెదపదు. క్రింది వ్రాతయంతయు పెద్ద అక్షరములలో చూపి ఊరకుండును.

సిగ్గుపడి అడుగనివారికి ఒక సులభోపాయము కలదు. శాస్త్రవేత్తలకు ప్రోగ్రామింగు నేర్పుటకై 1998లో మొదలైన 'సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ' తరగతులలో ఒక్కొక్కరికి రెండు రంగుల అంటుకాగితములు ఇత్తురు. పని సాగుచున్నచో ఒక రంగు, ఆగినచో మరియొకటి కంప్యూటరుపై అంటింతురు. చేయి ఎత్తనక్కరలేదు, నోరు విప్పనక్కరలేదు. న్యూయార్కులోని రికర్స్ సెంటరువారి నియమములలో ఆశ్చర్యము నటింపరాదనునది ఒకటి. "అయ్యో, ఇదికూడ తెలియదా?" అను మాట మన ఇండ్లలోను, తరగతులలోను ఎంత సులభముగా వెడలునో అందరెరిగినదే.

మన కళాశాలలో ఇట్టి దినమొకటి జరుపుటకు పెద్ద ధనము అక్కరలేదు. ముందునాటి సాయంకాలము కంప్యూటరు గది తెరచియుంచుటకు పాలక సంఘమువారి అనుమతి కావలెను. ముగ్గురికి ఒకరు చొప్పున పై తరగతుల విద్యార్థులు కావలెను. రెండు రంగుల కాగితములు కావలెను. పాఠమును ఉర్దూలోను, తెలుగులోను ముందే వ్రాసి యుంచు పని మాత్రము కొంత శ్రమతో కూడినది. దానికి ఉభయ భాషా శాఖల అధ్యాపకులు ఇప్పటినుండియే పూనుకొనవలసి యుండును.